చంకబిడ్డతో సేవాయాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఒక పెంకుటింటి వసారాలో రెండు బల్లలతో, ఒక బీరువాతో ప్రారంభమైన మన గ్రంథాలయమునకు నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నాము. ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను కాను. ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. భారత భాగవతములను గురుముఖమున గాక, ఈ బీరువాలోని ప్రతుల వలననే నేర్చుకొన్నవాడను. కావున నా మాటలలో దోషములున్నచో సభవారు మన్నింతురు గాక.

ఏ విషయమును గూర్చి మాట్లాడుదునా యని యోచించుచుండగా, ఆ విషయము మన గ్రంథాలయపు అరుగుమీదనే దొరకినది. మన ఊరి చర్చికి చెందిన యువదంపతులిరువురు విదేశమున నొక మిషను వైద్యశాలలో సేవ చేయుటకు పోవ నిశ్చయించుకొన్న సంగతి మీలో పెక్కుమంది ఎఱుగుదురు. ఆమె నర్సు, ఆయన వైద్యశాల నిర్వహణ తెలిసినవాడు. వారికి రెండేండ్ల బిడ్డ కలదు. ఈ వార్త పొక్కిన నాటినుండి సాయంకాలము పత్రికలు చదువ వచ్చువారు మూడు పక్షములైరి. దైవకార్యమునకు పోవువారిని ఆపరాదని ఒక పక్షము. పోవుదురు గాక, పసిబిడ్డను మాత్రము ఇంటనే విడిచి పోవలెనని రెండవ పక్షము. బిడ్డ పెద్దదగువఱకు అసలే పోరాదని మూడవ పక్షము.

ఒకనాడు ఆ బిడ్డ నాయనమ్మ అరుగు దగ్గఱకు వచ్చి నిలుచుండెను. ఆమె నాకు వదిన వరుస. "అన్నయ్యగారూ, ఇన్ని పుస్తకములు చదివితిరి గదా! పసిబిడ్డను వెంటబెట్టుకొని ఇట్టి పనికి పోయినవారు పూర్వము లేరా? వారి బిడ్డల గతి ఏమైనదో ఎవ్వరును వ్రాయలేదా?" అని అడిగెను. అప్పటికి నావద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. చదివి చెప్పెదనంటిని. నేటి నా ప్రసంగము ఆ మాట చెల్లించుటకే.

పరదేశమునకు పోయినవారి సంగతికి ముందు మనకు తెలిసిన కథ యొకటి జ్ఞప్తికి తెచ్చెదను. మన పల్లెలలో హరిశ్చంద్ర నాటకము చూచి కన్నీరు పెట్టనివారుండరు. సత్యవ్రతము పూనినవాడు హరిశ్చంద్రుడు. ఆ వ్రతమున పాలుపంచుకొన్నది చంద్రమతి. లోహితాస్యుని ఎవ్వరును అడుగలేదు. వానికి వ్రతమనగా నేమో తెలియదు. ఐనను కాశీ వీధిలో తల్లితోపాటు అమ్ముడుపోయినవాడు వాడు. పాము కాటునకు లోనైనవాడు వాడు. కాటిసుంకము చెల్లింపలేని తల్లి చేతులలో శవమై యున్నవాడును వాడే. పెద్దల వ్రతమునకు పిన్నలు చెల్లించు మూల్యమెట్టిదో మన పూర్వులు ఎఱుగని విషయము కాదు. కథలో దేవతలు దిగివచ్చి బిడ్డను బ్రతికించిరి. చరిత్రలో అట్లు జరుగుట అరుదు.

ఇక చరిత్రకు వత్తము. ఇంగ్లండు దేశమున నార్తాంప్టన్ మండలములో 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఒక నేతవాని ఇంట విలియం కేరీ జన్మించెను. చెప్పులు కుట్టు పనిని నేర్చి, ఆ పని చేయుచునే లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలను స్వయంకృషితో సాధించెను. గురువు లేక చదువుకొన్నవాడగుటచే ఆయనపై నాకు మొదటినుండియు అభిమానము కలదు. 1781లో డొరొతీ అను నామెను పెండ్లియాడెను. ఆమె చదువెఱుగదు, వివాహపు పుస్తకమున సంతకమునకు మాఱుగా గీత గీసినది. 1792 అక్టోబరు 2వ తేదీన కెటరింగు అను ఊర కేరీయు అతని మిత్రులును కూడి, దూరదేశములకు క్రైస్తవ బోధకులను పంపుటకు ఒక సంఘమును స్థాపించిరి. నాడు పోగైన చందా 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మన గ్రంథాలయపు మొదటి చందా పట్టికను కనులార చూచిన నాకు ఆ అంకె అల్పముగా తోచలేదు.

ఆ సంఘము పక్షమున బంగాళమునకు పోవుటకు కేరీ సిద్ధపడెను. డొరొతీ రానని ఖండితముగా చెప్పెను. ఆమె నిండు గర్భిణి. ముగ్గురు మగబిడ్డల తల్లి. అంతకుముందే ఇరువురు ఆడుబిడ్డలను పోగొట్టుకొన్నది. తన ఊరి పొలిమేరలు దాటి లోకమెఱుగని ఆ ఇల్లాలు ఐదు నెలల సముద్రప్రయాణమునకు జంకుటలో వింత యేమున్నది? కేరీ పెద్దకుమారుడు ఫీలిక్సును మాత్రము వెంటబెట్టుకొని ఓడ యెక్కెను. కాని ఈస్టిండియా కంపెనీవారి అనుమతిపత్రము లేని కారణమున ఓడనుండి దిగిపోవలసి వచ్చెను. ఆ నడుమ డొరొతీ నాల్గవ మగబిడ్డను ప్రసవించెను.

కేరీయు, బంగాళము నెఱిగిన వైద్యుడు జాన్ తామసును మరల ఆమె వద్దకు వచ్చి బ్రతిమాలిరి. ఆమె ఒప్పుకొనలేదు. వారు బయలుదేరి కొంతదూరము పోయిన పిమ్మట తామసు వెనుకకు మరలి వచ్చి, ఇప్పుడు రాకున్నచో కుటుంబము శాశ్వతముగా చెదరిపోవుననియు, ఆమె జీవితాంతము పశ్చాత్తాపపడవలసి వచ్చుననియు హెచ్చరించెను. అప్పుడు తన చెల్లెలు తోడు వచ్చినచో వత్తునని ఆమె ఒప్పుకొనెను. ఇంటి సామానులు హడావుడిగా సర్దిరి. 1793 జూన్ 13వ తేదీన డోవరు రేవునుండి డేనిష్ ఓడ యొకటి వారితో కదలెను. ఎనిమిదేండ్లు నిండని ఫీలిక్సు, ఐదేండ్ల విలియం, నాలుగేండ్ల పీటరు, పుట్టి కొన్ని వారములు మాత్రమే యైన జేబెజ్. ఇట్లు నలుగురు బిడ్డలు. నవంబరు 11వ తేదీన కలకత్తా చేరిరి.

సభవారు ఒక్క విషయము గమనింపవలెను. డొరొతీ ఇచ్చినది సమ్మతియే. కాని అది తనంత తాను యోచించి ఇచ్చిన సమ్మతి కాదు. భయపెట్టి, తొందరపెట్టి పుచ్చుకొన్న మాట. ఆ మాటకు ఆమె చెల్లించిన వెల వినుడు.

బంగాళము చేరిన కొలది దినములలోనే చేతిలోని సొమ్ము హరించుకొనిపోయెను. కుటుంబము ఇండ్లు మాఱుచు అవస్థపడెను. డొరొతీకిని పెద్దబిడ్డలకును రక్తవిరేచనములు పట్టుకొనెను. తన ధర్మమును తెలియక భార్యయు మఱదలును తనను నిందించుచున్నారని కేరీ దినచర్యలో వ్రాసికొనెను. ఆ దినచర్య నేటికిని లభించుచున్నది. వారి నిందయే అందు వ్రాయబడినది; వారి బాధను వారి మాటలలో వ్రాసిన పుటలు లేవు. తుదకు సుందరవనములకు చేరువ దెబ్‌హట్ట అనుచోట ఉప్పు శాఖలోని ఇంగ్లీషు ఉద్యోగి యొకడు దయతలచి వారికి ఆశ్రయమిచ్చెను. డొరొతీ చెల్లెలు ఆయననే పెండ్లియాడి అక్కడ నిలిచిపోయెను. ఏ తోడు ఉన్నచో వత్తునని ఆమె ఓడ యెక్కెనో ఆ తోడును పోయెను.

1794లో మాల్దా ప్రాంతపు మద్నాబతీ గ్రామమున నీలిమందు కర్మాగారములో నెలకు 200 రూపాయల జీతముపై కేరీకి ఉద్యోగము దొరకెను. కడుపు నిండెను గాని ఆ నేల జ్వరముల పుట్ట. ఆ యేటి అక్టోబరులో కేరీ తాను జ్వరముతో మంచము పట్టియుండగా, ఐదేండ్ల పీటరు రక్తవిరేచనములతో మరణించెను. గొయ్యి త్రవ్వుటకు మొదట నెవ్వరును రాలేదు. తుదకు నలుగురు మనుష్యులు కలసి త్రవ్వ నొప్పుకొనిరి. మోయుటకు మనుష్యులు దొరకుట మఱింత కష్టమయ్యెను. బిడ్డను తామే మోసికొనిపోవుదమా యని తల్లిదండ్రులు యోచించుకొనిరట. గొయ్యి త్రవ్విన పాపమునకు ఆ నలుగురిని ఊరిపెద్ద వెలివేయింపజూడగా కేరీ అడ్డుపడవలసి వచ్చెను. లోహితాస్యుని కాటిసుంకము మనకు నాటకము. ఇది కట్టుకథ కాదు, జరిగిన సంగతి.

ఆ దుఃఖమునుండి డొరొతీ తేరుకొనలేదు. 1795 నుండి ఆమె మనస్సు చెదరినది. భర్తను అకారణముగా అనుమానించి, వెంబడించి, నలుగురిలో దూషించెడిది. 1796లో మఱియొక మగబిడ్డ, జోనతాను, కలిగెను గాని ఆమె స్థితి మెఱుగుపడలేదు. ఒక గదిలో కేరీ పండితులతో కూర్చుండి అనువాదము చేయుచుండగా, ప్రక్కగదిలో ఆమె ఉన్మాదముతో కేకలు వేయుచుండెనని తోడివారు వ్రాసిరి. ఆమెను పిచ్చాసుపత్రికి పంపుటకు కేరీ సమ్మతింపలేదు. పండ్రెండేండ్లకు పైగా ఇంటనే కాపాడెను. 1807 డిసెంబరు 8వ తేదీన ఆమె కన్నుమూసెను.

కేరీ ఘనతను తగ్గించుట నా ఉద్దేశము కాదు. గంగాసాగరమున మ్రొక్కుబడికై పసిబిడ్డలను నీట విడుచు ఆచారమును గూర్చి విచారణ చేసి ప్రభుత్వమునకు తెలిపినవాడు ఆయనయే. 1802లో వెల్లస్లీ ప్రభువు ఆ ఆచారమును నిషేధించెను. 1829లో సతీసహగమనమును నిషేధించు శాసనమును వంగభాషలోనికి తర్జుమా చేసినవాడును ఆయనయే. తన బిడ్డను ఈ నేలకు అప్పగించినవాడు ఎందఱో తల్లుల బిడ్డలను కాపాడుటకు తోడ్పడెను. ఐనను కేరీ పేర వ్రాసిన జమలో డొరొతీ పేరను పీటరు పేరను పడిన ఖర్చును కొట్టివేయుటకు ఏ లెక్కవ్రాతగానికిని అధికారము లేదు. రెండు పద్దులును ఉండవలసినదే.

వదినగారు ఇంతవఱకు విని, "చూచితిరా, నేను చెప్పలేదా!" యని అనుకొనుచుండవచ్చును. కొంచెము ఓపిక పట్టవలెను. కథలోని రెండవ భాగము వేఱు.

1799 అక్టోబరులో ఇంగ్లండునుండి మఱికొన్ని కుటుంబములు వచ్చి, హుగ్లీ నదీతీరమున డేనుల యేలుబడిలోనున్న సేరంపూరున దిగినవి. వారిలో జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా, వారి బిడ్డలు, ముద్రణపు పని తెలిసిన విలియం వార్డు ముఖ్యులు. వారికిని ఈ దేశము పరుపు పఱచి యుంచలేదు. వచ్చిన మూడు వారములకే వారిలో గ్రాంటు అనునాయన, భార్యను ఇరువురు బిడ్డలను విడిచి, చనిపోయెను. 1800 జనవరి 10వ తేదీన కేరీ తన కుటుంబముతో వచ్చి వారిలో చేరెను. అప్పుడు కేరీ బిడ్డలు నలుగురు. తల్లి మతి చెదరినది. తండ్రి పుస్తకములలో మునిగినవాడు. ఆ పిల్లలు పట్టించుకొనువారు లేక పెరుగుచుండిరి. హన్నా మార్ష్‌మన్ వారిని చేరదీసెను. వార్డు ఫీలిక్సును తనవెంట అచ్చుకూటమున పెట్టుకొని పని నేర్పెను.

సేరంపూరువారు చేసికొన్న ఏర్పాటు మన ఉమ్మడి కుటుంబములను తలపించును. అందఱికి ఒకే వంటశాల, ఒకే ఖజానా. ఎవరి సంపాదన యైనను ఉమ్మడి సొమ్ము. ఇంటి పెత్తనము వంతులవారీగా జరుగును. ప్రతి శనివారము సాయంకాలము కూర్చుండి ఆ వారపు పొరపొచ్చెములను చెప్పుకొని తీర్చుకొందురు. 1800లోనే హన్నా, ఆమె భర్త పాఠశాలలు తెఱచిరి. ఆ పాఠశాలల ఆదాయము మిషనుకంతటికి పెద్ద ఆధారమయ్యెను. హన్నా తన బిడ్డలలో పలువురను పోగొట్టుకొన్న తల్లి. ఐనను పరుల బిడ్డలకు అన్నము పెట్టుట మానలేదు.

ఫలమేమైనది? ఫీలిక్సు గొప్ప భాషావేత్త యయ్యెను. 1807లో బర్మాకు పోయి అక్కడ మశూచికి టీకాలు వేసెను. 1814లో ఐరావతీ నదిపై పడవ మునిగి భార్యయు బిడ్డలును జలసమాధి కాగా, కొంతకాలము దిక్కుతోచక తిరిగి, తుదకు సేరంపూరు చేరి వంగభాషలో విజ్ఞానసర్వస్వమును వ్రాయ పూనుకొనెను. అందు శరీరశాస్త్రమును గూర్చిన భాగము వెలువడినది. 1822లో మరణించెను. విలియం బంగాళముననే కాట్వాలో సేవ చేసెను. ఓడలో చంకబిడ్డయై వచ్చిన జేబెజ్ పెద్దవాడై, 1814లో అంబోయినా దీవికి, పిమ్మట అజ్మీరుకు పోయి బడులు నడపెను. ఒంటి కాపురమున క్రుంగిపోయిన బిడ్డలు ఉమ్మడి నీడలో నిలదొక్కుకొనిరి. దేశము అదే, జ్వరములు అవే, తండ్రియు ఆయనే. మాఱినది ఇంటి కట్టుబాటు.

ఈ సేరంపూరునకును మన తెనుగునకును సంబంధము కలదు. 1812 మార్చి 11వ తేదీన అక్కడి అచ్చుకూటము అగ్నికి ఆహుతియై అనేక భాషల అచ్చుఅక్షరములును వ్రాతప్రతులును నశించినను, వారు అధైర్యపడక మరల పోతపోసిరి. 1814లో కేరీ తెలుగు వ్యాకరణము అక్కడనే వెలువడినది. 1818లో తెలుగు క్రొత్తనిబంధన ముద్రితమయ్యెను. అంతకంటె దగ్గఱి సంబంధము ఇంకొకటి. డేవిడ్ బ్రౌను అను క్రైస్తవ గురువు 1786లో కలకత్తాకు వచ్చి స్థిరపడెను. కేరీ భాషలు బోధించిన ఫోర్టు విలియం కళాశాలకు ఆయన అధిపతి. ఆయనకు సేరంపూరున కేరీ నివాసమునకు చేరువలోనే ఆల్డీన్ అను ఇల్లు ఉండెను. ఆయనకు 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో పుట్టిన కుమారుడే మన చార్లెస్ ఫిలిప్ బ్రౌను. మన బీరువా పై అరలోని నిఘంటువు ఆయనదే. వేమనను అచ్చు వేయించి, పోవుచున్న తాళపత్రములను ప్రోగుచేయించి, తెలుగు కావ్యములను నిలిపిన మహనీయుడు ఇట్టి సేవకుని ఇంట, పరదేశమున, పిల్లవాడై పెరిగినవాడు. కావున బిడ్డను తీసికొనిపోయినచో నష్టమే యనుటకును వీలులేదు.

ఇక మూడవ కథ. ఇది చెప్పుటకే ఇంత దూరము వచ్చితిని.

అమెరికా దేశమునుండి అడొనిరాం జడ్సను, ఆయన భార్య ఆన్ 1812లో కలకత్తా చేరి, సేరంపూరున కేరీ వారి ఆతిథ్యము పొందిరి. కంపెనీవారు నిలువనీయకపోగా, 1813లో మద్రాసున ఓడ యెక్కి రంగూనునకు పోయిరి. ఆ ఓడలోనే ఆమెకు మృతశిశువు కలిగెను. 1815లో పుట్టిన మగబిడ్డ ఎనిమిది నెలలకే పోయెను. 1824లో ఇంగ్లీషువారికిని బర్మా రాజునకును యుద్ధము వచ్చినప్పుడు, ఆవా నగరమున తెల్లవారిని వేగులవారని అనుమానించి జూన్ 8వ తేదీన జడ్సనును చెఱపట్టిరి. కాళ్లకు సంకెళ్లు. రాత్రులందు ఆ కాళ్లను వెదురుబొంగునకు తగిలించి పైకెత్తెడివారు. ఆన్ నిండు గర్భముతో అధికారుల ఇండ్ల చుట్టు తిరిగి వేడుకొనెడిది. 1825 జనవరి 26వ తేదీన ఆమెకు ఆడుబిడ్డ కలిగినది. పేరు మరియా. ఇరువది దినముల ఆ పసికందును చెరసాల వాకిటికి మోసికొనిపోయి తండ్రికి చూపెను.

పిమ్మట ఖైదీలను ఆంగ్‌బిన్‌లే అను పల్లెకు తరలించిరి. ఆన్ బిడ్డతో వెంటపోయి, చెరసాల కావలివాని ఇంట ధాన్యపు గదిలో తలదాచుకొనెను. అక్కడ మశూచి సోకెను. ఆన్ తన చేతులతో కావలివాని బిడ్డలకును ఇతర శిశువులకును టీకా వేసెను. వారు తేలికగా బయటపడిరి. మరియాకు మాత్రము టీకా పట్టక మశూచి వచ్చెను. ఆ వెనుక తల్లి జ్వరముతో పడిపోయెను. చనుబాలు ఎండిపోయినవి. ఆ పల్లెలో పాలు కొనుటకును దొరకవు. దాదియు దొరకదు. బిడ్డ ఆకలితో రాత్రింబవళ్లు ఏడ్చుచుండెను.

అప్పుడామె కావలివారికి కానుకలిచ్చి, భర్తకు దినదినము కొంతసేపు బయటికి వచ్చుటకు అనుమతి సంపాదించెను. జడ్సను ఎండిపోయిన బిడ్డను చేతులమీద పెట్టుకొని, పల్లెలో పసిబిడ్డలున్న తల్లుల ఇండ్ల ముందు నిలిచి, కొంచెము పాలు ఇప్పింపుమని యాచించెను. ఆ బర్మా తల్లులు తమ బిడ్డకు నోటనున్న పాలను ఆ పరదేశి బిడ్డకు పంచిరి. ఆ పల్లెలో మరియా బ్రతికినది ఆ పాలతో. ఆ తల్లులు ఆయన మతము పుచ్చుకొన్నవారు కారు. తమ రాజునకు ఆయన శత్రువని వినియున్నవారు. వారి పేర్లు ఏ చరిత్రలోను లేవు.

సోదరులారా! ఆ దేశమునకు దానము చేయవచ్చితినని తలచినవాడు ఆ దేశపు వాకిళ్లలో చేయి చాచి నిలుచుండెను. ఆయన జీవితమున అంతకంటె గొప్ప పాఠము వేఱొకటి ఉండదని నా నమ్మకము. ఒంటరిగా పోయినవాడు ఇచ్చువాడనని కడవఱకు అనుకొనవచ్చును. బిడ్డతో పోయినవానికి ఆ గర్వము సాగదు. బిడ్డకు పాలు కావలెను, తోడు కావలెను, జ్వరము వచ్చిన రాత్రి పొరుగింటి తలుపు కావలెను. సేవకునకు సేవ చేయు జనము అక్కడ ఉండవలెను. వారిని సేవకుడు గుర్తింపవలెను.

చెఱ విడిపించుకొని వచ్చిన పిమ్మట 1826 అక్టోబరు 24వ తేదీన ఆన్ మరణించెను. మఱి ఆఱు నెలలకు మరియాయు తల్లిని కలిసికొనెను. జడ్సను 1834 నాటికి బర్మా భాషలో బైబిలును పూర్తిగా అనువదించెను. ఆయనకు అండగా నిలుచుటకు అమెరికాలో 1814లో ఏర్పడిన సంఘముయొక్క శాఖయే తరువాత 1840లో నెల్లూరును, 1866లో ఒంగోలును కేంద్రములుగా చేసికొని మన తెలుగుదేశమున పనిచేసినది. మన ఊరి చర్చి పెద్దలు ఆ కథ నాకంటె బాగుగా ఎఱుగుదురు.

వదినగారూ, మీ ప్రశ్నకు పుస్తకములు చెప్పిన ప్రత్యుత్తరము ఇది. బిడ్డలు మరణించిరి, బిడ్డలు బ్రతికి ఘనులును అయిరి. నాటి రోగములకు నేడు టీకాలు, మందులు కలవు. ఐదు నెలల ప్రయాణము ఒక దినపు ప్రయాణమైనది. ఉత్తరమునకు ఏడాది ఎదురుచూచుటకు మాఱుగా ముఖము చూచి మాటాడుకొనుచున్నాము. కాని ఆ కాలపు కష్టములన్నియు రోగములవలననే వచ్చినవి కావు. మందులు మాన్పలేనివి మూడు నాకు కనబడినవి.

మొదటిది, తల్లి మనస్సు. భార్య సమ్మతి తొందరపెట్టి పుచ్చుకొన్నదైనచో ఆ యాత్ర వద్దు. కోడలు తన నోట చెప్పనిండు. కాదనుటకును ఆమెకు అధికారముండవలెను. పోయిన పిమ్మట మరలి వచ్చెదనన్నను అది పాపమని ఎవ్వరును అనరాదు.

రెండవది, ఇల్లు. ఒంటరి కాపురమునకు బిడ్డను తీసికొనిపోరాదు. అక్కడ హన్నా మార్ష్‌మన్ వంటి పెద్దదిక్కు ఉన్నదో లేదో ముందు విచారింపవలెను. పని ఎంత గొప్పదైనను బిడ్డకు అన్నము పెట్టు వేళ తండ్రికి తెలియవలెను. ప్రక్కగదిలో ఎవరేడ్చుచున్నారో విననిచ్చు పనియే మంచి పని.

మూడవది, భాష. పోయిన దేశపు భాషను బోధించుటకు గాదు, అడుగుటకు నేర్వవలెను. జడ్సను పాలు యాచించినది ఆ తల్లుల భాషలోనే. "మా బిడ్డకు ఆకలి" అని పొరుగువారి మాటలో చెప్పగలిగిననాడు పరదేశము సగము స్వదేశమగును.

ఈ మూడును కుదిరినచో పోవుదురు గాక. కుదరనిచో ఆగుట పిఱికితనము కాదు. నిర్ణయము వారిది. నేను చదివినది చెప్పితిని.

తుదకు మన విషయమొకటి. పరదేశపు తల్లులు పేరు తెలియని బిడ్డకు పాలిచ్చిరని విని కన్నీరు పెట్టుకొన్నచో చాలదు. మన ఊరి ఇటుకబట్టీలకు, కోతలకు పరభాషల కూలీలు పసిబిడ్డలతో వచ్చుచున్నారు. వారి బిడ్డలు మన గ్రంథాలయపు అరుగు క్రిందనే ఆడుకొనుచున్నారు. ఇంతవఱకు వారిలో ఒక్కనినైనను మనము లోపలికి పిలువలేదు. ఈ తప్పులో నాకును పాలు కలదు. తాళముచెవి నా వద్ద ఉన్న దినములును ఉన్నవి గదా. రజతోత్సవమునాటినుండి ఆ బిడ్డలకు బొమ్మల పుస్తకముల అర తెఱచి ఉంచవలెనని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను.

అట్లే, ప్రయాణమునకు సిద్ధపడుచున్న ఆ రెండేండ్ల చిన్నదాని పేరును మన చందాదారుల పట్టికలో వ్రాసికొనుడు. పెద్దబాలశిక్ష యొకటి దానితో పంపుదము. అది తిరిగివచ్చి చదువగలుగునంతవఱకు చందా నా పేర జమకట్టుకొనవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను.